సందు కేసుకు పచ్చకామెర్లు

ఈ లోకంలో అసలైన సుఖం ఒక్కచోటే ఉంది. మనం లేకుండా మన మీద వచ్చిన కోర్టు తీర్పులో!

నవ్వకండి, కాస్త ఆలోచించండి. చుట్టాల పెళ్లికి మనం పోకపోతే మాట పడాలి. పిల్లల స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కు పోకపోతే టీచరమ్మ ముఖం ముడుచుకుంటుంది. రేషన్ షాపుకు మన బదులు మన వేలు ఒక్కటే పోతానన్నా ఒప్పుకోరు. మనం పోకపోయినా అలగకుండా, కబురు మీద కబురు పెట్టకుండా, మన పని మన బదులు పూర్తి చేసి పెట్టే పెద్దమనసు కోర్టుకు తప్ప ఇంకెవరికుంది?

దాన్నే ఎక్స్‌పార్టీ తీర్పు అంటారు. కేసులో ఒకవైపు వాళ్లు వచ్చారు, రెండోవైపు వాళ్లు రాలేదు. వచ్చినవాళ్లు చెప్పింది విని తీర్పు ఇచ్చేశారు. రానివాళ్లకు ఎంత లాభమో చూడండి! బస్సులో నిలబడే బాధ లేదు, చెప్పులు అరగలేదు, నోరు నొప్పి పెట్టలేదు.

ఇంత సుఖాన్నీ కాదనుకుని, "అయ్యా, మా మాట కూడా వినండి, ఆ తీర్పు కొట్టేయండి" అని మళ్లీ అదే కోర్టు మెట్లెక్కేవాళ్లు ఉంటారా? ఉంటారు. బోధన్‌లో, చెరుకు లారీలు తిరిగే రోడ్డు వెనకాల కాలనీలో, జ్యోతిరాణి అని ఒకామె ఉంది.

జ్యోతిరాణి ఇంటర్ సగంలో ఆపేసి, పెళ్లి చేసుకుని, బీడీలు చుట్టుకుంటూ, యూకేజీ చదివే కూతురు సహస్రను పెంచుకుంటోంది. భర్త భానుప్రసాద్ చెరుకు లారీ డ్రైవర్. సీజన్‌లో లారీలోనే ఉంటాడు, సీజన్ లేనప్పుడు నిద్రలో ఉంటాడు. కాబట్టి ఇంటికి సరిపడా భయాన్నంతా జ్యోతిరాణి ఒక్కతే పడుతుంది. సహస్ర ఒక్కసారి తుమ్మితే ఫోన్‌లో వెతుకుతుంది. రెండోసారి తుమ్మితే ఫోన్ వల్లే తుమ్మిందేమోనని ఫోన్ దాచేస్తుంది.

వాళ్ల ఇంటికీ పక్కనున్న లింబయ్య ఇంటికీ మధ్య ఒక సందు ఉంది. జ్యోతిరాణి ఇంటి నుంచి రోడ్డు మీదికి రావాలంటే ఆ సందే దారి. సహస్ర స్కూల్ ఆటో వచ్చి ఆగేది ఆ సందు మొగలోనే. ఇంకో దారి లేదా అంటే, ఉంది. ఇంటి వెనక, కాలువ గట్టు మీదుగా. నిండుగా పారే కాలువ! జ్యోతిరాణి ఆ వైపు కిటికీ తెరవదు. నీళ్ల చప్పుడు వినపడితే సహస్రకు ఈత మీద ఆశ పుడుతుందని ఆమె భయం.

సరే. ఒకరోజు ఫైలు చంకన పెట్టుకుని ఒక మనిషి సందులోకి వచ్చాడు.

ఇక్కడ ఆ కాలనీ పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. సర్వేల మీద సర్వేలు జరిగి జరిగి అక్కడివాళ్లకు ఒక అలవాటు పడింది. ఫైలు పట్టుకున్న మనిషి కనపడగానే కాలనీలో ఉన్న కుటుంబాలన్నీ విడిపోతాయి. అత్త వేరు, కోడలు వేరు, కొడుకు ఎక్కడున్నాడో తెలియదు. ఆ మనిషి మలుపు తిరగగానే మళ్లీ అందరూ కలిసి అన్నం తింటారు. సంపాదించే కొడుకు ఇంట్లో ఉన్నాడని రాసుకుంటే పింఛను పోతుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో, నిజమో కాదో ఎవరికీ తెలియదు. తెలియని విషయంలో జాగ్రత్తగా ఉండటం మంచిదే కదా!

జ్యోతిరాణి అత్త రాములవ్వ బీడీ పింఛను తీసుకుంటుంది. ఈ విద్యలో ఆమెను మించినవాళ్లు లేరు.

"అవ్వా, భానుప్రసాద్ ఇల్లు ఇదేనా?"

"నా కొడుకే గని, మాతోని ఉండడు సారూ. ఎటు పోయిండో ఏమో, ముఖం సూడక ఏడాదాయె" అని రాములవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది.

వచ్చిన మనిషి దండెం వైపు చూశాడు. "మరి ఆ లుంగీ ఎవరిది?"

"నాదే. మోకాళ్ల నొప్పులకు చీర బరువైతుందని డాక్టరే చెప్పిండు."

లోపల గదిలోంచి భానుప్రసాద్ గురక, ఎత్తు ఎక్కుతున్న లారీలాగా వినపడింది.

"లోపల ఎవరున్నరు?"

"కూలర్ సారూ. పాతదైంది, గట్లనే మొత్తుకుంటది."

"కోడలు జ్యోతిరాణి?"

"అది గూడ లేదు. వాడు పోయిన కాడికే పోయింది."

"మరి ఈమె?"

జ్యోతిరాణి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ అక్కడే కూర్చుంది. రాములవ్వ ఆమె వైపు ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది. "గీమె పక్కింటామె. ముచ్చటకొచ్చింది."

 జ్యోతిరాణి పక్కింటామె ఎలా కూర్చుంటుందో అలా కొంచెం పక్కకు జరిగి కూర్చుంది. "ఇగ నేను పోత అత్తా" అనబోయి, "అవ్వా" అని దిద్దుకుంది.

ఆ మనిషి వాళ్లిచ్చిన చాయ్ తాగి, ఫైల్లో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. "సూసినవా, సంతకం గూడ అడగలె. సర్వే మంచిగైంది" అని రాములవ్వ ఆ పూట పాయసం చేయించింది.

అతను సర్వే మనిషి కాదు. కోర్టు మనిషి. సందు తనదని, భానుప్రసాద్, జ్యోతిరాణి అందులో నడవకూడదని లింబయ్య వేసిన దావాలో సమన్లు తెచ్చాడు. మనుషులు దొరకలేదు కాబట్టి లింబయ్య తరఫున కోర్టులో ఒక ప్రమాణపత్రం పడింది. ఎంత వెతికినా ప్రతివాదుల జాడ తెలియలేదని! దాంతో పేపర్లో ప్రకటన వేయించారు. బోరు మోటార్ల అడ్వర్టైజ్‌మెంట్ కింద, చీమ తలకాయంత అక్షరాల్లో. పేపర్లో పడితే అందరూ చదివినట్టే లెక్క. ఆ పేపరు జ్యోతిరాణి ఇంటికి వచ్చింది కూడా, మిర్చి బజ్జీల కింద. ఆమె చదవలేదు గానీ, పేపరు నూనె మాత్రం బాగా పీల్చింది.

తర్వాత ఒక్క పూటలో తీర్పు వచ్చింది. ఒక్క పూటలో! సివిల్ కేసులో! మనం లేకపోతే కోర్టు ఎంత చురుగ్గా ఉంటుందో చూశారా?

తీర్పు వచ్చిన సంగతి జ్యోతిరాణికి ఇటుకల ట్రాక్టర్ వచ్చాక తెలిసింది.

"ఏంది కాకా, ఇటుకలు దింపుతున్నవ్? బాత్రూం కడ్తున్నవా?"

"బాత్రూం గాదు బిడ్డా, గోడ. తీర్పొచ్చింది. సందు నాదే అన్నరు." లింబయ్య తీర్పు కాపీని గాల్లోకి ఎత్తి చూపించాడు. వానకు తడవకుండా లామినేషన్ కూడా చేయించాడు.

"తీర్పేంది? మమ్మల్ని ఎవ్వరు పిలిచిండ్రు?"

"పేపర్ల ఏసి పిలిచిండ్రు గదా. మీరు రాకుంటే నేనేం జేస్తా?" కాస్త జాలిపడ్డాడు కూడా. "పరేషాన్ గాకు. ఇప్పుడు మూఢం ఉంది. మూఢం పోయినంకనే గోడ లేపుతా."

ఆ విధంగా కోర్టు కంటే ముందు మూఢమే స్టే ఇచ్చింది.

ఆ రోజు నుంచి జ్యోతిరాణికి కళ్లు మూసినా తెరిచినా కాలువే. గట్టు మీద సహస్ర, భుజాన బ్యాగు, చేతిలో వాటర్ బాటిల్. గడ్డి తడిగా ఉంటే? బాటిల్ జారి పడితే? బాటిల్ కోసం పిల్ల వంగితే? ఇలా ఆలోచించి ఆలోచించి, చివరకు ఆ బాటిల్‌ను తాడుతో బ్యాగుకు కట్టేసింది. పిల్లను బ్యాగుకు ఎలా కట్టాలో తెలియక వకీలు దగ్గరికి పోయింది.

వకీలు రాజేశ్వర్ మంచి అనుభవం ఉన్నవాడు. కాగితాలు చూసి, హోటల్లో సర్వర్ అడిగినట్టు అడిగాడు. "కామెర్లా, టైఫాయిడా?"

"ఏంది సారూ?"

"ఎక్స్‌పార్టీ తీర్పు తీసెయ్యాలంటే అప్పుడు కోర్టుకు ఎందుకు రాలేదో తగిన కారణం చూపాలమ్మా. మా టైపిస్టు కాడ కామెర్లు టైపు కొట్టే ఉంది. పేరు మారిస్తే అయిపోతది. టైఫాయిడ్ అయితే కొత్తగా కొట్టాలె, రేపు రా."

"మాకు ఏ రోగం రాలె సారూ. కోర్టాయనను మా అత్తమ్మ సర్వే ఆయన అనుకున్నది. కొడుకు లేడు, కోడలు లేదు అని చెప్పింది. మేమిద్దరం ఇంట్లనే ఉన్నం."

వకీలు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "గిది నిజమా?"

"నిజమే సారూ."

"అదే వచ్చింది చిక్కు. నిజానికి మన కాడ ఫార్మాట్ లేదమ్మా."

పక్కనే కూర్చున్న రాములవ్వ కోడలి మోచేతి మీద గిల్లింది. "ఏమే, నేను బతికుండంగనే నా పింఛన్ మీద నిజం చెప్తవా?"

"అయితే టైఫాయిడే రాద్దామా?" అన్నాడు వకీలు.

"వద్దు సారూ! పిల్లకు అంటుకుంటది."

"కాయితం మీది టైఫాయిడ్ ఎట్ల అంటుకుంటదమ్మా?"

"స్టాంప్ ఉంటది గదా సారూ" అంది జ్యోతిరాణి. ప్రభుత్వ ముద్ర పడ్డ మాటకు బలం ఉంటుందని ఆమెకు అనుభవంలో తెలుసు. పక్కింటి తీర్పే అందుకు సాక్ష్యం.

చివరకు భానుప్రసాద్‌కు పచ్చకామెర్లు రాశారు. భార్య అతని పక్కన ఉండి పసరు మందు పోయిస్తూ, బాహ్యప్రపంచంతో సంబంధం లేకుండా గడిపిందని కూడా రాశారు. సంతకం పెట్టి ఇంటికి వచ్చినప్పటి నుంచి జ్యోతిరాణి రోజూ పొద్దున మొగుడి కనురెప్పలు పైకెత్తి వెలుతురులో చూడటం మొదలుపెట్టింది. కూరలో కారం ఆపేసింది. నూనె ఆపేసింది.

"నాకేమైందే?" అన్నాడు భానుప్రసాద్, ఉప్పు లేని సొరకాయ ముందు కూర్చుని.

"ఏం కాలె. అఫిడవిట్ అయింది. తిను."

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. కోర్టు వరండాలో జ్యోతిరాణి కూర్చుని వింటే, అటుపక్కన తోట కేసుకు కామెర్లు, ఇటుపక్కన వాటా కేసుకు కామెర్లు. ఒకాయన ఒకే సంవత్సరంలో మూడు కేసులకు మూడుసార్లు కామెర్లు తెచ్చుకుని, అన్నింటినీ గెలిచి, దానిమ్మ పండులా ఎర్రగా ఉన్నాడు. ఆవరణలో ఆ జబ్బు రానిది జడ్జి గారికీ, చింతచెట్టుకీ మాత్రమే. ఇన్ని కామెర్లను మందు లేకుండా, సంతకంతో నయం చేసే చోటు ఇంకెక్కడైనా ఉందా? ఇది వరం కాదా?

విచారణ రోజు వచ్చింది. భానుప్రసాద్ లారీ మీద పోయాడు, జ్యోతిరాణి ఒక్కతే వచ్చింది. లింబయ్య వకీలు లేచి, ఈ జబ్బు పచ్చి అబద్ధమని మొదలుపెట్టాడు. "సార్, కామెర్లు ఉన్నాయని చెబుతున్న నెలలోనే ఈ భానుప్రసాద్ మా క్లయింట్ ఇంట్లో ఎల్లమ్మ పండుగకు వచ్చి యాటకూర తిన్నాడు! కామెర్లు ఉన్న మనిషి తలకాయ కూర తింటాడా?"

జ్యోతిరాణికి ఆ పండుగ గుర్తొచ్చింది. నిజమే. లింబయ్య ఒకవైపు కేసు వేసి, ఇంకోవైపు పండుగకు పిలిచాడు. కేసు వేశానని పిలవకపోతే మర్యాద కాదు కదా!

జడ్జి గారు లింబయ్యను బోనులోకి పిలిచారు. "అతను తినడం మీరు చూశారా?"

"సూసుడేంది సార్, నేనే వడ్డించిన! చాలు కాకా, చాలు కాకా అంటనే ఉన్నడు, ఇంకో గంటెడు ఏసిన. మూలుగ బొక్క గూడ మంచిది సూసి ఏసిన."

"అంటే ఆ నెలలో అతను ఎక్కడున్నాడో మీకు తెలుసు."

"తెల్వకేం సార్, సందు అవుతలనే."

"మరి ఎంత వెతికినా జాడ తెలియలేదని ప్రమాణం చేసి, పేపర్లో ప్రకటన ఎందుకు వేయించారు?"

లింబయ్య తన వకీలు వైపు చూశాడు. వకీలు ఫ్యాన్ వైపు చూశాడు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

తీర్పు కొట్టేశారు! ఒక అబద్ధాన్ని ఇంకో అబద్ధం ఓడించింది. మధ్యలో నిజం ఎక్కడా రాకుండా న్యాయం జరిగింది. ఇంత నైపుణ్యం మీకు ఇంట్లో కూర్చుంటే కనిపిస్తుందా?

"గెలిచినం" అన్నాడు రాజేశ్వర్.

"సందు మాదేనా సారూ?"

"సందు సంగతి ఇప్పుడు మొదలైతదమ్మా. ఇన్నాళ్లు మన మాట వినుండ్రి అని అడిగినం. సరే వింటం అన్నరు. గంతే."

ఆ వినడం కోసం జ్యోతిరాణి వాయిదాలకు తిరగడం మొదలుపెట్టింది. ఒకసారి జడ్జి గారు సెలవు. ఒకసారి వకీళ్ల బాయ్‌కాట్. ఒకసారి అందరూ ఉన్నారు, ఫైలు లేదు. గోడ లేవలేదు గానీ, ఇటుకలు సందులోనే సగం మేర పేర్చి ఉన్నాయి. సహస్ర పక్కకు తిరిగి, పీతలా నడిచి ఆటో ఎక్కుతోంది. ఇటుకల్లో తేళ్లు ఉంటాయని జ్యోతిరాణి రోజూ ముందు చీపురు కట్టతో ఇటుకలను కొట్టి, తర్వాత పిల్లను పంపుతోంది.

ఆమెకు ఒకటే ఆశ. కోర్టులో కామెర్ల గురించి అడిగారు, కూర గురించి అడిగారు, పేపర్ గురించి అడిగారు. ఇంక మిగిలింది సందు గురించి అడగడమే! ఆమె జవాబు సిద్ధం చేసుకుంది. బీడీలు చుడుతూ గుక్కతిప్పుకోకుండా చెప్పుకునేది. "సారూ, తాతలనాడు ఇద్దరు చెరో మూరెడు జాగా ఇడిచిపెట్టిండ్రు. అది ఇద్దరి బాట. ఎవ్వరొక్కరిది గాదు." ఇంతే. బస్సు టికెట్ కొట్టినంత సేపు కూడా పట్టదు.

అలా ఒక వాయిదాకు పోతే, లింబయ్య కనపడలేదు. రాజేశ్వర్ ముఖం వెలిగిపోయింది. "అమ్మా, నీ పంట పండింది! లింబయ్య రాలె. వాళ్ల వకీలు నిజామాబాద్ పోయిండు. మన కేసు పిలవంగనే లేచి 'ఉన్న సార్' అను. దావా వేసినోడు రాకుంటే కేసు కొట్టేస్తరు. ఒక్క మాటతో అయిపోతది. నేను పక్క హాల్‌ల ఉంట."

చూశారా? అదే సుఖం, ఈసారి ఆమె వైపు నడిచి వచ్చింది!

జ్యోతిరాణి బెంచీ మీద కూర్చుని ఆలోచించింది. ఇప్పుడు కాకా లేకుండా కొట్టేస్తారు. రేపు కాకాకు కామెర్లు వస్తాయి. ఆ కామెర్లు అబద్ధమని మా వకీలు అంటాడు. మళ్లీ ఎవరో ఎక్కడో ఏదో తిన్నది బయటపడుతుంది. ఇదంతా అయి సందు దాకా వచ్చేసరికి సహస్ర పదో తరగతిలో ఉంటుంది, ఆ ఇటుకల మధ్య నుంచి అప్పుడు పక్కకు తిరిగినా పట్టదు.

లేచి పరుగెత్తింది. లింబయ్య గేటు బయట టిఫిన్ బండి దగ్గర పూరీ తింటున్నాడు.

"కాకా! ఇంక తింటనే ఉన్నవా? మన కేసు పిలుస్తుండ్రు, రా!"

"మా వకీలు మధ్యాహ్నం అన్నడే. నువ్వు పిలిస్తే నేనెట్ల నమ్మాలె?"

"లే కాకా! నీకు దండం పెడ్త. నువ్వు లేకుంటే నేనెవరితోని కొట్లాడాలె?"

ఆ మాటలో ఏదో న్యాయం కనపడింది లింబయ్యకు. చేతులు కడుక్కోకుండానే లేచాడు. మోకాళ్లు సహకరించలేదు. జ్యోతిరాణి ఆయన సంచీ మోస్తూ, రెక్క పట్టుకుని గుంజుకుంటూ హాల్లోకి తెచ్చింది.

"మీ కేసా?" అన్నాడు గుమస్తా తల ఎత్తకుండా. "పిలిచినం. ఎవ్వరు పలకలె. ఇరుపక్షాలూ గైర్హాజరు. దావా కొట్టివేయబడింది."

ఇద్దరూ వరండాలో కూలబడ్డారు. లింబయ్య అన్నాడు. "నీయమ్మ, నువ్వు ఉండి 'ఉన్న' అంటే గెలుస్తుంటివి గదనే."

"గెలిస్తే ఏమొస్తది కాకా? సందు గురించి ఎవ్వరన్న అడుగుతరేమో అని వచ్చిన."

ఒకే ఆటోలో ఇంటికి బయలుదేరారు. దిగి సందులో ఒకరి వెనక ఒకరు నడుస్తుంటే జ్యోతిరాణి ఆగి వెనక్కి తిరిగింది. "కాకా, అసలు గీ సందు మీద నీకెందుకు గింత పగ?"

"సందు మీద పగేందే? మీ పిల్ల ఆటోవాడు పొద్దుగాల్నే పీం పీం అని హారన్ కొడ్తడు. మా ముసల్ది నాగవ్వకు బీపీ. తెల్లారంగ గని నిద్ర పట్టదు, గప్పుడే లేపుతడు."

"గా మాట నాకు చెప్పొద్దా?"

"చెప్దామనుకున్న. నోటితోని చెప్తే ఎవ్వరింటరు, కోర్టు నుంచి చెప్తే విలువుంటది అని మా అల్లుడన్నడు."

"రేపటి సంది హారన్ కొట్టద్దని చెప్త కాకా."

"గంతేనా?"

"గంతే. సందు మాత్రం తాతలనాడు చెరో మూరెడు..."

"ఎర్కనే బిడ్డా. మా బాపు చెప్తుండె" అన్నాడు లింబయ్య. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గీ మాట నేనన్నట్టు మా వకీలుకు చెప్పకు. తిడ్తడు."

మరునాడు పొద్దున ఆటో వచ్చింది. హారన్ మోగలేదు. నాగవ్వ హాయిగా నిద్రపోయింది. ఆటో వచ్చిన సంగతి తెలియక సహస్ర జడ వేయించుకుంటూ ఇంట్లోనే ఉండిపోయింది. ఆటో వెళ్లిపోయింది.

రానందుకు కారణం రాసి పంపమని స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. జ్యోతిరాణి కూతురి డైరీ తీసి, ఈసారి ఎవరినీ అడగకుండా, జరిగింది జరిగినట్టు రాసింది. "పక్కింటి అవ్వకు బీపీ ఉన్నందున ఆటో హారన్ కొట్టలేదు. మాకు తెలియక పాప రాలేదు."

సాయంత్రం డైరీ తిరిగి వచ్చింది. టీచరమ్మ కింద ఎర్ర ఇంకుతో రాసింది:

"ఇలాంటివి కుదరవు. జ్వరం అని రాసి పంపండి."